వృద్ధాశ్రమంలో బొమ్మలు, పాటలు, మట్టిపని: వీటివల్ల పెద్దవాళ్లకు నిజంగా మేలు ఉంటుందా?

ప్రశ్న

మా అమ్మకు 81 ఏళ్లు. నడక బాగా తగ్గిపోయి, ఇంట్లో చూసుకోవడం కుదరక వృద్ధాశ్రమంలో ఉంటోంది. తిండికీ మందులకూ లోటు లేదు. సిబ్బంది మర్యాదగా చూసుకుంటారు. కానీ ఎప్పుడు వెళ్లినా హాల్లో టీవీ నడుస్తూ ఉంటుంది, దాని ముందు కుర్చీల్లో సగం మంది కునికిపాట్లు పడుతూ ఉంటారు. అమ్మ ఒకప్పుడు ఖాళీగా కూర్చునే మనిషి కాదు. బట్టలు కుట్టేది, ఊలు అల్లేది. ఇప్పుడు వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి సూది పట్టుకోలేకపోతోంది.

బొమ్మలు వేయడం, మట్టిపని లాంటివి పెట్టించమని నిర్వాహకులను అడిగాను. ‘ఈ వయసులో వాళ్లకెందుకండీ ఇవన్నీ? రంగులు నోట్లో పెట్టుకుంటే ఎవరిది బాధ్యత? నెలకోసారి పాటల కార్యక్రమం పెడుతున్నాం కదా’ అన్నారు. వీటివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందని ఎక్కడైనా తేలిందా? ఉంటే ఏమని అడగాలి, ఎక్కడ మొదలుపెట్టించాలి? అమ్మ పక్క గదిలో ఉండే పెద్దావిడకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు. ఆవిడ కూడా వచ్చి కూర్చోగలిగేది ఏదైనా ఉంటే ఇంకా సంతోషం.

సమాధానం 1

నేను వృద్ధుల సంరక్షణలో నర్సుగా పనిచేస్తున్నాను. నిర్వాహకుల భయంలో కొంత నిజం ఉంది, డిమెన్షియా ఉన్నవాళ్లు చేతికందినది నోట్లో పెట్టుకోవడం మామూలే. అందుకని పని మానేయనక్కర్లేదు. విషపదార్థాలు లేవని డబ్బా మీద రాసి ఉన్న నీటిరంగులు చాలు. కుంచెలు కడిగే నీళ్లు తాగే గ్లాసులో పోయవద్దు, అలవాటు కొద్దీ తాగేస్తారు. వెడల్పుగా, బరువుగా ఉన్న గిన్నె అయితే ఒలకదు, తాగాలనీ అనిపించదు. మట్టిపని అయిపోయాక బల్లను తడిగుడ్డతోనే తుడవాలి. ఎండిన మట్టిని చీపురుతో ఊడిస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒక మనిషి దగ్గర ఉండి చూసుకుంటే చాలు.

సమాధానం 2

వృద్ధాశ్రమాలకు వెళ్లి పెద్దవాళ్లతో బొమ్మలు వేయించడం, మట్టిపని చేయించడమే నా వృత్తి. ఈ విషయం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఓపికగా చదవండి.

ముందు మీరు అడిగిన రుజువుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో ఒక నివేదిక ఇచ్చింది. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన 3000కు పైగా అధ్యయనాలను అందులో పరిశీలించారు. పాట, నాట్యం, చిత్రలేఖనం వంటివి జబ్బు రాకుండా చూసుకోవడంలోనూ, వచ్చాక దానితో బతకడంలోనూ తోడ్పడతాయని చెప్పారు. డిమెన్షియా ఉన్నవాళ్లకు సంగీతంతో చేసే చికిత్స గురించి వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2018లో ఇచ్చిన సమీక్ష ఇంకా ఆచితూచి మాట్లాడింది. కనీసం ఐదుసార్లు జరిపితే దిగులు లక్షణాలు తగ్గే అవకాశం బాగా ఉందట. జ్ఞాపకశక్తి వంటి వాటి మీద మాత్రం పెద్దగా ప్రభావం ఉండకపోవచ్చునట. నేను కళ్లారా చూస్తున్నదీ ఇదే. కుంచె పట్టుకున్నంత మాత్రాన మతిమరుపు పోదు. పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి మేలు ఎక్కడుంది? ఆశ్రమంలో ఉండే మనిషి రోజును ఒక్కసారి తలచుకోండి. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు స్నానం చేయాలో, ఏం తినాలో, దీపం ఎప్పుడు ఆర్పాలో అన్నీ మరొకరే నిర్ణయిస్తారు. ప్రేమతోనే నిర్ణయిస్తారు, కాదనను. కానీ నెలలు గడిచేకొద్దీ ఆ మనిషికి తన ఇష్టమంటూ ఒకటుందన్న సంగతే మరుగున పడిపోతుంది. తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడు నీలం వేయాలా, ఎరుపు వేయాలా అన్నది ఆమె చేతిలోనే ఉంటుంది. అది చిన్న విషయమని దయచేసి అనుకోకండి. అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ఒక వృద్ధుల గృహంలో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక అంతస్తులోని వాళ్లకు తలా ఒక మొక్క ఇచ్చి, పెంచే పని వాళ్లకే వదిలి, సినిమా ఏ రోజు చూడాలన్నది కూడా వాళ్లనే ఎంచుకోమన్నారు. ఇంకో అంతస్తులో మొక్కలకు నీళ్లు సిబ్బందే పోశారు, రోజులు కూడా సిబ్బందే నిర్ణయించారు. ఎంచుకునే వీలున్నవాళ్లు ఎక్కువ చురుగ్గా, ఉత్సాహంగా కనిపించారు. అందులో చిత్రలేఖనం లేకపోయినా, నా పనికి ఆధారం ఏమిటని అడిగినవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ ప్రయోగం గురించే.

అందుకే నెలకోసారి పాటల కార్యక్రమం చాలదని నా గట్టి అభిప్రాయం. ఎవరో వచ్చి పాడితే కూర్చుని వినడం మంచిదే, కానీ అక్కడ కూడా ఆమె చేసేదేమీ లేదు. చేతిలో ఒక చిన్న గిలక్కాయో తప్పెటో పెట్టి తాళం వేయనిచ్చినా సగం మేలు.

మీ అమ్మగారి వేళ్ల గురించి చదవగానే నాకు అమెరికా చిత్రకారిణి అన్నా మేరీ మోజెస్ గుర్తొచ్చారు. ఆమెది కూడా సూదిపనే. ఊలుతో గుడ్డ మీద బొమ్మలు కుట్టేవారు. కీళ్లవాతంతో సూది పట్టుకోలేని స్థితి వచ్చాక, డెబ్బైల చివర్లో కుంచె పట్టారు. 80 ఏళ్ల వయసులో, 1940లో, న్యూయార్క్‌లో ఆమె బొమ్మలతో ప్రదర్శన జరిగింది. ఆ తర్వాత కూడా బొమ్మలు వేస్తూనే 1961 దాకా బతికారు. మీ అమ్మగారు ప్రదర్శనలు పెట్టాలని కాదు నేను చెప్పేది. కుంచె పిడికి స్పాంజి చుట్టి లావు చేస్తే బిగుసుకుపోయిన చేతికి కూడా పట్టు దొరుకుతుంది. కాగితం జారకుండా నాలుగు మూలలా టేపు అంటించండి. తెల్ల బల్ల మీద తెల్ల కాగితం పెడితే చూపు తగ్గినవాళ్లకు అంచు కనిపించదు, కింద ముదురు రంగు గుడ్డ పరవండి. వెలుతురు మనకు సరిపోయినంత ఉంటే వాళ్లకు చాలదు, కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోకండి. చిన్నపిల్లల రంగుల పుస్తకాలు తెచ్చి వాళ్ల ముందు పెట్టడం. ఒక జీవితకాలం సంసారం నడిపిన మనిషికి ఏనుగు బొమ్మలో గీత దాటకుండా రంగు నింపమని ఇచ్చి, అయ్యాక చప్పట్లు కొట్టడం చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. వాళ్లకు కావలసింది మంచి కాగితం, నిజమైన రంగులు, చేసిన పనిని శ్రద్ధగా చూసే మనిషి.

సమాధానం 3

పక్క గది పెద్దావిడ కోసం ఒక మాట. మా నాన్నగారికి కూడా డిమెన్షియా ఉండేది. ‘ఇది గుర్తుందా, అది గుర్తుందా’ అని అడిగినప్పుడల్లా ఆయన ముఖం వాడిపోయేది. పాత పాట ఎత్తుకుంటే మాత్రం, నా పేరు తలపుకు రాని రోజున కూడా, చరణంతో సహా అందుకునేవారు. గుర్తు చేసుకోమనే ప్రశ్నలు అడగకుండా ఉంటే చాలు, ఆవిడ హాయిగా కూర్చుంటారు.

సమాధానం 2 (కొనసాగింపు)

ఈయన చెప్పినది అక్షరాలా నిజం. అమెరికాలోనే ఆన్ బాస్టింగ్ అనే ఆవిడ 1990లలో ‘టైమ్‌స్లిప్స్’ అనే పద్ధతిని ఇదే ఆలోచనతో తయారుచేశారు. డిమెన్షియా ఉన్నవాళ్లను గుంపుగా కూర్చోబెట్టి ఒక వింత ఫొటో చూపిస్తారు. ‘ఈమె పేరేం పెడదాం? ఎక్కడికి వెళుతోంది?’ అని అడుగుతారు. తప్పు జవాబంటూ లేదు. ఎవరేమన్నా, అర్థం లేని శబ్దం చేసినా సరే, రాసుకుని కథలో కలిపి పైకి చదివి వినిపిస్తారు. 20 వృద్ధుల గృహాల్లో, సగం చోట్ల ఈ పద్ధతి పెట్టి సగం చోట్ల పెట్టకుండా పోల్చి చూసిన ఫలితాలు 2009లో వచ్చాయి. కథలు చెప్పించిన చోట్ల పెద్దవాళ్లు ఎక్కువ అప్రమత్తంగా ఉన్నారు, సిబ్బంది వాళ్లతో మాట్లాడటం కూడా పెరిగింది. నాకు ఈ రెండోదే ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది. మందులిచ్చి వెళ్లిపోయే అమ్మాయి, ఆ పెద్దావిడ కల్పించిన కథ విన్నాక ఆవిడతో మాట్లాడే తీరే మారిపోతుంది. దీనికి రంగులు, కుంచెలు కూడా అక్కర్లేదు, ఒక ఫొటో, ఒక నోటుపుస్తకం చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవి అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. ‘నాకు బొమ్మలు రావమ్మా, నలుగురిలో నవ్వులపాలు చేయకు’ అంది. ఏం చేయమంటారు?

సమాధానం 2

బలవంతం చేయకండి. వద్దనే హక్కు కూడా ఆమెదే. ఊరికే వచ్చి పక్కన కూర్చుంటే చాలని చెప్పండి. నా దగ్గర చాలామంది మొదటి కొన్ని వారాలు చూస్తూనే ఉంటారు. బట్టలు కుట్టిన మనిషి కదా, కుంచె బదులు గుడ్డముక్కలు, జిగురు ఇచ్చి చూడండి. ముక్కలు కత్తిరించి పెట్టడం ఇంకొకరు చేస్తారు, ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో ఆమె చెబితే చాలు. గుడ్డ నేత, రంగుల జోడింపు గురించి ఆమెకు తెలిసినంత ఆ గదిలో ఎవరికీ తెలియకపోవచ్చు. అడిగి చూడండి, నవ్వులపాలవుతానన్న భయం దానంతటదే తగ్గవచ్చు.

నిర్వాహకుల దగ్గర పెద్ద కార్యక్రమం అడగవద్దు. వారానికి రెండు ఉదయాలు, ముప్పావు గంట చొప్పున, టీవీ ఆపేసిన గదిలో ఒక బల్ల, ఆరేడుగురు, ప్రతిసారీ వచ్చే ఒకే మనిషి. ఉదయమే ఎందుకంటే డిమెన్షియా ఉన్నవాళ్లలో చాలామందికి సాయంత్రమయ్యేసరికి అలసట, కంగారు పెరుగుతాయి. గోడకు ఏదైనా తగిలించే ముందు, కింద పేరు రాసే ముందు, వేసినవాళ్లను అడిగి తీరాలని కూడా ఆ మొదటి రోజే చెప్పేయండి.