అప్‌డేట్: అమ్మకు బటన్ ఫోన్‌లో ప్రెడిక్టివ్ టెక్స్ట్ వచ్చేసింది

ప్రెడిక్టివ్ టెక్స్ట్‌లో (నొక్కిన బటన్లను బట్టి ఫోనే మాటను ఊహించే పద్ధతి) ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోందని అమ్మ మెసేజ్‌లు టైప్ చేయడమే మానేసింది, ఎలా నేర్పాలని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఇది: మాట పూర్తయ్యేదాకా స్క్రీన్ చూడొద్దు, ఒక్కో అక్షరానికి ఒక్కసారే నొక్కాలి. మధ్యలో కనిపించే తప్పు మాటలు చూసే అమ్మ కంగారుపడి చెరిపేసేది. 4663 నొక్కితే 'గుడ్' (good) వచ్చింది, స్టార్ నొక్కితే అదే 'హోమ్' (home) అయింది. రెండింటికీ అవే బటన్లని కాగితం మీద రాసి చూపించాక అసలు సంగతి అర్థమైంది. డిక్షనరీలో లేని పేర్ల కోసం హాష్‌తో పాత పద్ధతికి (కావాల్సిన అక్షరం వచ్చేదాకా అదే బటన్ మళ్లీ మళ్లీ నొక్కడం) మారడం తర్వాత నేర్పాను. (కొన్ని ఫోన్లలో ఈ బటన్లు వేరుగా ఉంటాయి.)

ఫోన్ పాడైందేమో అన్న నా అనుమానం, భాష సెట్టింగ్ మార్చడం, రెండూ అనవసరమే. నిన్న అమ్మ తనంతట తానే మెసేజ్ పంపింది. చాలా సంతోషంగా ఉంది.