పాత చర్చికి తాళమే ఉంచాలా, ఊరికి తెరవాలా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ జిల్లా నుంచి):
అందరికీ వందనాలు. మా సంఘం కొత్త చర్చి కట్టుకున్నాక పాత రాతి మందిరం ఖాళీగా పడి ఉంది. కమిటీలో కొందరు ముందువైపు షటర్లు దించి దుకాణాలకు కిరాయికి ఇద్దామంటున్నారు. ఇంకొందరు సర్కారు దవాఖానాకు పేషెంట్లతో వచ్చేవాళ్లకు రాత్రి పడుకోవడానికి ఇద్దామంటున్నారు. ఆదివారం మీటింగ్ ఉంది. మీరేమంటారు?

దేవరకొండ నుంచి:
రెండూ వద్దు. అది ప్రతిష్ఠ చేసిన మందిరం. మా అమ్మానాయనల పెళ్లి అలాంటి మందిరంలోనే అయింది. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) పుచ్చుకున్న చోట ఎవరో బీడీలు తాగుతూ పడుకుంటే చూస్తూ ఊరుకుంటామా? పైగా ఈ రోజుల్లో నలుగురికి అన్నం పెట్టినా మతం మారుస్తున్నారని గొడవ చేస్తారు. రిపేరు చేయించి జాగ్రత్తగా ఉంచుకోండి.

నల్గొండ నుంచి:
అన్నా, గొడవ గురించి మీ భయం నిజమే. కానీ తాళం వేసిన మందిరంలో మిగిలేది గబ్బిలాలు, చెదలు తిన్న బెంచీలే.

షటర్లకు మాత్రం నేనూ ఒప్పుకోను. కిరాయి రావడం మొదలైతే లెక్కల మీద పంచాయితీలు, ఆ తర్వాత అమ్మేద్దామనే మాట. అసలు ముందు కాగితాలు చూడండి. మన దగ్గర చాలా మిషన్ స్థలాలు సొసైటీల, ట్రస్టుల పేరు మీద ఉన్నాయి, లోకల్ కమిటీ సంతకంతో అగ్రిమెంట్ చెల్లకపోవచ్చు. క్యాథలిక్ చర్చి చట్టం 1222వ సూత్రంలో, ఆరాధనకు పనికిరాని చర్చిని వేరే పనికి ఇవ్వొచ్చు గానీ నీచమైన పనికి ఇవ్వకూడదని ఉంది. మనం క్యాథలిక్కులం కాకపోయినా ఆ గీత మనకూ సరిపోతుంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు చర్చి 2006 నుంచి పుస్తకాల షాపుగా నడుస్తోంది. మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు, మన సంఘం బతికే ఉంది కదా.

రాత్రి పది తర్వాత ఒకసారి పెద్దాసుపత్రి ఆవరణలో తిరిగి చూడండి. బిడ్డ కాన్పుకు అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక తల్లి వేపచెట్టు కింద కొంగు పరుచుకుని పడుకుంది. రిపోర్టుల కవర్ ఎక్కడ పోతుందోనని తల కింద పెట్టుకుంది. నిన్నటి అన్నం ఉన్న టిఫిన్ డబ్బా పక్కనే ఉంది. మందిరం ఆమెకు తెరిస్తే ప్రతిష్ఠ చెడుతుందా? 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని కరువులో జనానికి పని, తిండి దొరకాలనే కట్టించారు. జడ్చర్లలో మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ మిషన్ ఆసుపత్రి పెట్టింది. మన పెద్దలు మందిరం పక్కనే మంచాలు వేశారు.

దేవరకొండ నుంచి:
సువార్త చెప్పకుండా చాప మాత్రమే వేస్తే, ఇక మన చర్చి ఎందుకన్నా?

నల్గొండ నుంచి:
యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, పూటకూళ్ల ఇంటివాడికి రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చాడు. అతని మతం అడగలేదు, ప్రసంగమూ చెప్పలేదు. అందుకే ఇక్కడ కరపత్రాలు, ప్రసంగాలు ఉండవని గేటు మీదే బోర్డు రాయండి. చూసుకునే కమిటీలో పక్కింటి హిందువునీ, ముస్లింనీ కూర్చోబెట్టండి, మతం మార్పిడి మాట అక్కడే ఆగుతుంది. బల్లను, పుల్పిట్‌ను (ప్రసంగ పీఠాన్ని) ముందే కొత్త చర్చికి చేర్చండి. బీడీలు గేటు బయటే.

ప్రశ్న అడిగినవారు:
మందిరానికి బాత్రూం లేదు, ఇన్నాళ్లూ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆడవాళ్లకు విడిగా కట్టించాలి, రాత్రి వాచ్‌మన్‌కు జీతం ఇవ్వాలి. ఆదివారం మీటింగ్‌లో మొదట ఈ రెండు ఖర్చుల మాటే పెడతాను.