సర్వర్ దానంతటదే రీబూట్: ముందు మెమ్‌టెస్టా, ఇంకేదైనానా?

కొత్తఅడ్మిన్: ఉబుంటు సర్వర్, ఈసీసీ ర్యామ్ (చిన్న తప్పులను తానే సరిదిద్దుకునే రకం), రెండు పవర్ సప్లైలు. వారంలో రెండు మూడుసార్లు దానంతటదే రీబూట్ అవుతోంది. జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) మామూలు లైన్లు, ఆ వెంటనే బూట్ మెసేజ్‌లు, మధ్యలో ఏమీ లేదు. రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) పెట్టమంటున్నారు. అక్కడే మొదలుపెట్టాలా?

ర్యామ్‌పక్షం: అక్కడే. నాలుగు పాస్‌లు తిరగనివ్వండి. తేలకపోతే స్టిక్‌లు సగం తీసి నడపండి. లాగ్ లేకుండా పడిపోతే నా మొదటి అనుమానం ఎప్పుడూ ర్యామ్ మీదే.

లాగ్‌వేట: ఈసీసీ బోర్డుకు ఇది వర్తించదండీ. ఒక్క బిట్ తప్పును హార్డ్‌వేరే సరిదిద్దేస్తుంది, మెమ్‌టెస్ట్‌లో అది కనబడకపోవచ్చు. మెమరీ తప్పులను నమోదు చేసే రాస్‌డీమన్ వేస్తే సర్వర్ ఆపకుండానే ఏ స్లాట్‌లో ఎన్ని తప్పులో లెక్క వస్తుంది. దానికంటే ముందు పోయింది కరెంటా, జరిగింది రీసెట్టా, పడింది కెర్నలా (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అన్నది తేల్చుకోవాలి.

డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌లో ఐడీ 12 ఉన్న వరుస, పవర్ సైకిల్ కౌంట్ (డిస్క్‌కు కరెంటు ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క), ఇప్పుడే రాసిపెట్టుకోండి. మామూలు రీబూట్ ఒకటి చేసి అది కదలట్లేదని నిర్ధారించుకోండి, కొన్ని మెషీన్లలో కదులుతుంది. కదలకపోతే మంచి ఆధారం దొరికినట్టే: ఈసారి క్రాష్ తర్వాత పెరిగితే డిస్క్‌కు కరెంటు పోయింది, పెరగకపోతే కరెంటు పోకుండానే రీసెట్.

ర్యామ్‌పక్షం: పెరిగినంత మాత్రాన పీఎస్‌యూ (పవర్ సప్లై) తప్పేనా? బోర్డు మీద వోల్టేజ్ సరిచేసే వీఆర్ఎం ట్రిప్ అయినా మెషీన్ ఆగి లేస్తుంది. పీఎస్‌యూ కొత్తది పెట్టినా రోగం పోదు, డబ్బు దండగ.

లాగ్‌వేట: ఆ మాట నిజమే. అందుకే ఐపీఎంఐ ఈవెంట్ లాగ్ (బోర్డు మీది పర్యవేక్షణ చిప్ బీఎంసీ రాసే లాగ్) కూడా చూడాలి. బయటి కరెంటు పోయినట్టుందా, వాచ్‌డాగ్ (మెషీన్ బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్) రీసెట్ చేసినట్టుందా అక్కడ దొరకొచ్చు. బీఎంసీ గడియారం తరచూ యూటీసీలో ఉంటుంది, మన టైమ్ కోసం 5:30 కలుపుకోండి. సెన్సార్‌లో 12 వోల్ట్‌లు బాగానే ఉన్నాయని నమ్మకండి, మిల్లీసెకన్ల పాటు పడిపోతే ఆ రీడింగ్‌కు చిక్కదు.

కెర్నల్‌కాపు: ఇద్దరూ ఒకటి వదిలేశారు. కెర్నల్ సెట్టింగులు చూపే సిస్‌సీటీఎల్‌లో కెర్నల్ డాట్ ప్యానిక్ విలువ ఎంత? ప్యానిక్ అంటే కెర్నల్ కోలుకోలేని తప్పుతో ఆగిపోవడం. 0 అయితే ప్యానిక్ వచ్చిన మెషీన్ అక్కడే బిగుసుకుపోతుంది, దానంతటదే లేవదు. 0 ఉండి, కేడంప్ (కూలినప్పుడు మెమరీని ఫైల్‌లో దాచే ఏర్పాటు) లేక, వాచ్‌డాగ్ కూడా ఆన్‌లో లేకపోతే కెర్నల్ ప్యానిక్‌ను దాదాపు పక్కన పెట్టేయొచ్చు. 10 అని ఉంటే పది సెకన్లాగి రీబూట్ చేస్తుంది, చివరి లైన్లు డిస్క్‌కు చేరకపోవచ్చు. అప్పుడు ఆ లైన్లను నెట్‌వర్క్ మీదుగా పంపే నెట్‌కన్సోల్‌తో పక్క మెషీన్ యూడీపీ పోర్ట్ 6666కు పంపండి, కేడంప్ కూడా పెట్టండి. కేడంప్ పెట్టాక సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌కు (కెర్నల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే ఫైల్) ‘సీ’ అక్షరం పంపి నిజంగానే ఒకసారి కూల్చి చూడండి, పనివేళల్లో మాత్రం కాదు.

కొత్తఅడ్మిన్: ప్యానిక్ 0, కేడంప్ లేదు, వాచ్‌డాగ్ ఆఫ్. రెండు పీఎస్‌యూలూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి.

లాగ్‌వేట: ఇంకేం మరి, కెర్నల్ దాదాపు కాదన్నట్టే, ఒక పీఎస్‌యూను వేరే లైన్‌కు మార్చండి. బయాస్‌లో కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలన్న చోట ఆఫ్ పెట్టండి. ఈసారి సర్వర్ ఆరిపోయి ఉండిపోతే కరెంటు పోయినట్టే, బీఎంసీ నుంచి లేపుకోవచ్చు.

ర్యామ్‌పక్షం: రెండు లైన్ల మీదా అలాగే లేస్తే మాత్రం మెమ్‌టెస్ట్ పెట్టాల్సిందే.