మంచు కొండల మీదకి గ్రూపుగా పోవాలనుకుంటుండాం: ఫ్రెండ్‌షిప్ పీకా, లడఖ్‌లో రెండు పీకులా?

కావలి కుర్రోడు
అన్నలందరికీ నమస్తే. మాది కావలి, ఐదుగురం ఒకే కాలేజీ బ్యాచ్. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్ పోయొచ్చిన కాడి నుంచి మనసంతా మంచు మీదే ఉండాది. ఈసారి ఉత్త ట్రెక్ కాదు, తాడు కట్టుకుని గ్లేసియర్ (హిమనదం) మీద నడిచి శిఖరం ఎక్కే ట్రిప్పు పోవాలని. రెండు చూసి పెట్టినాం. ఒకటి మనాలి కాడ ఫ్రెండ్‌షిప్ పీక్, 5,289 మీటర్లు, వారం పని. రెండోది లడఖ్‌లో కాంగ్ యాత్సే టూ, 6,250 మీటర్లు, అదే ట్రిప్పులో దగ్గర్లో ఉండే జో జోంగో కూడా ఎక్కిస్తామంటుండారు. ముగ్గురికి లడఖే కావాలంట, ఆరు వేలు దాటినాం అనిపించుకోవచ్చని. నాకేమో మాలో ఒకడి గురించి భయంగా ఉండాది, మనిషి గట్టోడే గానీ కేదార్‌కంఠలో పైకి పోయేకొద్దీ తలనొప్పి, వాంతులు, అయినా ఎవరికీ చెప్పకుండా నడిచినాడు, కిందకొచ్చినాక తెలిసింది మాకు. తుమ్మలపెంట బీచ్‌లో ఇసకలో పరిగెత్తడం తప్ప మాకు వేరే ప్రాక్టీసు లేదు. ఏది పోవచ్చు, పోయే లోపల ఏం నేర్చుకోవాల?

ఒంగోలు రోప్
తమ్ముడూ, ముందు ఫ్రెండ్‌షిప్ పోండి. నేను ఉత్తరకాశీలో కొండలెక్కడం నేర్పే నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో బేసిక్ కోర్సు చేసినా. నెల రోజులకి దగ్గర దగ్గరగా సాగే కోర్సు అది, అందులో శిఖరం ఎక్కడం కంటే పక్కనోడు పడితే ఎట్టా ఆపాలనేదే ఎక్కువ నేర్పుతారు. ట్రెక్‌లో ఒకడు అలిసిపోతే వాడు ఒక రాయి మీద కూర్చుంటాడు, మిగతావాళ్ళు పోయొస్తారు. గ్లేసియర్ మీద అట్టా కుదరదు. ముగ్గురు నలుగురు ఒకే తాడుకి కట్టుకుని మనిషికీ మనిషికీ పది పన్నెండు మీటర్ల ఎడంతో నడుస్తారు, ఎందుకంటే పైకి మంచు చదునుగానే కనపడతాది, కింద క్రెవాస్, అంటే లోతైన పగులు ఉంటాది, ఎండుగడ్డి కప్పేసిన పాడుబావి మాదిరి. ఒకడు లోపలికి పోతే మిగతావాళ్ళు తక్షణం బోర్లా పడి ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) మంచులో దించి బరువు ఆపాల.

తాడు బిగువుగా ఉంటేనే ఆ ఆపడం. ముందోడి తాడు మీ కాళ్ళ కాడ వదులుగా పడుందంటే, వాడు పడినప్పుడు ఆ వదులంతా అయిపోయి ఒక్కసారిగా గుంజుతాది, అప్పుడు మీరు కూడా పోతారు. మధ్యలో మంచుని కొంచెం రాసుకుంటా పోయేంత వదులు చాలు, చేతికి చుట్టలు చుట్టి పట్టుకోవద్దు. ఇదంతా చెప్పేది ఎందుకంటే, తాడు మీద నిదానంగా నడిచేవాడి నడకే అందరి నడక. మీ ఫ్రెండు నొప్పి దాచిపెట్టుకుని నడిస్తే అది వాడొక్కడి సంగతి కాదు, ఆ తాడు మీదున్న అందరిదీ.

శిఖరం రోజు రాత్రి ఒంటిగంటకో రెండింటికో బయల్దేరతారు. అప్పుడు మంచు గడ్డకట్టి, బూటు కింద బిగించే క్రాంపాన్ పళ్ళు బాగా పట్టుకుంటాయి. ఎండెక్కితే మంచు మెత్తబడి క్రెవాస్‌ల మీద కప్పుకున్న మంచు పొరల్లో (స్నో బ్రిడ్జిలు) బలం పోతాది, పైనుంచి రాళ్ళు కూడా జారతాయి. కాబట్టి ఎన్ని గంటలకి వెనక్కి తిరగాల్నో కింద క్యాంపులోనే అందరూ ఒప్పుకోండి, పైన ఆ మాట మార్చొద్దు, శిఖరం అరగంట దూరంలో ఉన్నా సరే. తీసుకుపోయేవాళ్ళని డబ్బులు కట్టకముందే అడగండి, ఐదుగురికి ఎన్ని తాళ్ళు, ఎంతమంది గైడ్లు, పైన ఒక రోజంతా మంచు మీద ట్రైనింగ్ ఇస్తారా అని. ఒక గైడు, ఒక తాడు అన్నారంటే వదిలెయ్యండి.

నెల్లూరు డాక్టరు
రెండు పీకుల ప్లాన్‌లో నాకు భయం కాంగ్ యాత్సే కంటే లేహ్ ఫ్లైటు. నెల్లూరంటే సముద్ర మట్టమే అనుకోండి, పొద్దున్నే ఫ్లైటెక్కి దిగేసరికి 3,500 మీటర్లు. దిగిన మొదటి రెండు రోజులు ఊరు తిరగడం కూడా వద్దు, రూములో పడుకోండి. 3,000 దాటినాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకి ఒక రోజు ఆగాల. 5,500 కాడ గాలి ఒత్తిడి మన ఊళ్ళో దాంట్లో సగమే, ఎంత ఫిట్‌గా ఉన్నోడికైనా అంతే, జిమ్ బాడీకి మినహాయింపు ఏం లేదు.

మీ ఫ్రెండు సంగతి. ఒకసారి పైన జబ్బు పడినోడికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని పోకముందే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర అవసరమా అని అడగండి, సల్ఫా మందులు పడవంటే ముందే చెప్పాల. వేళ్ళు తిమ్మిరెక్కడం, మాటిమాటికి ఒంటేలు రావడం ఆ మందుతో మామూలే. కానీ మందు వేసుకున్నాం గదా అని గబగబా ఎక్కకూడదు. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఆగకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరతా ఉండొచ్చు. ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్ళు ఆనించి గీత మీద నడవమంటే తూలతా ఉంటే మెదడు వాస్తా ఉండొచ్చు. ఈ రెండిట్లో ఏదున్నా తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రైనా కిందకి దించాల. రోజూ సాయంత్రం టెంట్‌లో ఒకరినొకరు అడగండి, తల నొస్తుండాదా, తిన్నావా, రాత్రి నిద్ర పట్టిందా అని. అడిగితే చెప్తారు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

సంగం మనిషి
మాది సంగం మండలం, మల్లి మస్తాన్ బాబు పుట్టిన గాంధీజనసంగం మాకు దగ్గరే. ఏడు ఖండాల్లో ఎత్తైన శిఖరాలన్నీ 2006లో 172 రోజుల్లో ఎక్కిన మనిషి ఆయన. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా పోయి మంచులోనే ప్రాణం వదిలినాడు, మా మండలంలో ఇప్పటికీ ఆ మాట వస్తే గొంతు పూడుకుపోయేవాళ్ళుండారు. ఇంకోటి, 2022 అక్టోబరులో ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా అనే శిఖరం మీద మంచు చరియలు విరిగిపడి ట్రైనింగులో ఉన్నోళ్ళు 20 మందికి పైగా పోయినారు, వాళ్ళతో ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉండారు. పోవద్దని కాదు అబ్బాయ్, తప్పకుండా పోండి, మన జిల్లా పిల్లలు పోతే నాకెంతో సంతోషం. గైడు వెనక్కి అంటే మాత్రం మారు మాట్లాడకుండా తిరగండి.

ప్రాక్టీసుకి బీచ్ చాలదు. ఉదయగిరి దుర్గం ఎక్కండి, బ్యాగులో నీళ్ళ సీసాలు పెట్టి పది పన్నెండు కేజీలు మోసుకుంటా, దిగేటప్పుడు మోకాళ్ళు ఎట్టుండాయో చూసుకుంటా. మిద్దె మీద హార్నెస్ (తాడు తగిలించే నడుము పట్టీ) వేసుకుని ఫిగర్ ఎయిట్, ప్రూసిక్ అనే తాడు ముడులు కళ్ళు మూసుకుని వేసేదాకా వెయ్యండి, ఉన్ని గ్లవ్స్ తొడుక్కుని కూడా. పైన చలిలో గ్లవ్ తీసి ముడి వెయ్యాలనుకుంటే కాసేపటికే వేళ్ళు చెప్పినట్టు వినవు.

కావలి కుర్రోడు
చాలా థ్యాంక్స్ అన్నలూ. ఇదంతా మా గ్రూపులో పెట్టినా, లడఖ్ అన్నోళ్ళు కూడా మెత్తబడినారు. సెప్టెంబరులో ఫ్రెండ్‌షిప్ అనుకుంటుండాం. వాణ్ణి సోమవారం నెల్లూరు తీసుకుపోతా డాక్టరు కాడికి. బూట్లు, గాగుల్స్ కొనుక్కోవాల్నా, అద్దెకి దొరుకుతాయా?

ఒంగోలు రోప్
బూట్లు, క్రాంపాన్లు, ఐస్ యాక్స్ మనాలిలో అద్దెకి తీసుకోండి. బూటుకి క్రాంపాన్ బిగించి కుదిరిందో లేదో షాపులోనే చూసుకోండి, మందం సాక్సు వేసుకుని చూడాల, బొటనవేలు ముందుకి తగిలితే పెద్ద సైజు అడగండి, లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడతాయి. గాగుల్స్ మాత్రం సొంతానికి కొనండి, కేటగిరీ ఫోర్ (బాగా ముదురు అద్దాలు), పక్కల నుంచి వెలుతురు దూరకుండా ఉండేవి. తాజా మంచు మీద అతినీలలోహిత కిరణాలు 80 శాతం దాకా తిరిగి కళ్ళలోకే కొడతాయి, మబ్బుగా ఉందని తీసేస్తే సాయంత్రానికి కళ్ళలో ఇసక పోసినట్టు మంట. ఉదయగిరికి ఏ ఆదివారం పోతుండారో చెప్పండి, తాడు నేను తెస్తా.