ఊరి బార్‌లో డ్రాఫ్ట్ బీరు: మొదటి రెండు గ్లాసులూ నురగే. ఏం చేయాలి?

ఊరికి ఉన్నది ఒక్క బార్. వారం మధ్య రోజుల్లో ఎనిమిది పది మంది వస్తారు, తాగడం కన్నా కబుర్లే ఎక్కువ. ఒక గ్లాసుకీ ఇంకో గ్లాసుకీ మధ్య ట్యాప్ ఇరవై నిమిషాలు ఖాళీగా ఉంటుంది. ఆ తర్వాత పోసే మొదటి రెండు గ్లాసులూ సగానికి పైగా నురగే, మూడోది బాగుంటుంది. శనివారం జనం ఉన్నప్పుడు ఈ బాధే లేదు.

కెగ్ (బీరు పీపా) 50 లీటర్లు, ఫ్రిజ్‌లో 3 డిగ్రీలు. బీరును తోసే కార్బన్ డయాక్సైడ్ పీడనం 12 పీఎస్‌ఐ. 5 మి.మీ. లోపలి వ్యాసం గొట్టం, పొడవు 3 మీటర్లు. ట్యాప్ టవర్‌లో (కౌంటర్ మీద ట్యాప్ ఉండే స్తంభం) థర్మామీటర్ పెడితే 11 డిగ్రీలు చూపించింది. అక్కడ నిలిచిన బీరు వేడెక్కి నురగ కడుతోంది, దొంగ దొరికినట్టే అనుకుంటున్నాను.

కప్లర్ (కెగ్‌కి గొట్టాన్ని బిగించే భాగం) వాషర్ మార్చాను. లైన్ రెండు వారాలకోసారి కాస్టిక్ ద్రావణంతో కడుగుతున్నాను. పీడనం 8కి తగ్గిస్తే గొట్టంలోనే బుడగలు లేచాయి, నాలుగో రోజుకి బీరు చప్పబడింది. మళ్ళీ 12కే తెచ్చాను.

ఫ్రిజ్ నుంచి టవర్‌లోకి చిన్న ఫ్యాన్‌తో చల్లగాలి పంపితే ఇంత తక్కువ వాడకానికి సరిపోతుందా, గ్లైకాల్ లైనే (బీరు గొట్టం పక్కనే చల్లటి ద్రవం తిరిగే గొట్టం) వేయాలా?