మూడు కొటేషన్లకీ పొంతన లేదు, ఇంటి ఫెన్సింగ్‌కి ఎవరికివ్వాలో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న:

ఇంటికి మూడు వైపులా కొత్తగా ఫెన్సింగ్ వేయించాలండీ. ఒక్కో వైపు 60 అడుగులు, మొత్తం 180, ఎత్తు 6 అడుగులు, చైన్‌లింక్ జాలీ, వెనక వైపు మనిషి పట్టేంత చిన్న గేటు ఒకటి. పాత కంచె తుప్పు పట్టి ఒక పక్కకి ఒరిగిపోయింది, అదీ తీసేయాలి. ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి చూసి కొటేషన్లు ఇచ్చారు, రెండు రోజులుగా వాటిని ముందేసుకుని కూర్చుంటున్నాను కానీ ఏమీ తేలడం లేదు.

మొదటాయన ఒకే లైను రాశాడు, "ఫెన్సింగ్ పని మొత్తం, మెటీరియల్‌తో సహా" అని, దాని పక్కన ఒక అంకె. అన్నిటికన్నా తక్కువ అదే. రెండో ఆయన రన్నింగ్ ఫీట్ లెక్కన, అంటే కంచె పొడవులో అడుగుకి ఇంత అని రేటు వేసి, గేటుకి విడిగా, పాత కంచె తీయడానికి విడిగా చూపించాడు. మూడో ఆయనది రెండు పేజీలు, తీగ గేజ్, పోల్ మందం, గుంత లోతు అన్నీ ఉన్నాయి, కానీ మొదటాయన చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు. కంచే కదా, తక్కువకి చేసేవాళ్లకి ఇచ్చేద్దాం అని ఇంట్లో అంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు, అలాగని ఎక్కువ ఎందుకివ్వాలో చెప్పడానికి నా దగ్గర కారణమూ లేదు. వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఏం చూడాలో చెప్పండి.

జవాబు:

ముందు ఆ చివరి అంకెల్ని పోల్చడం ఆపండి. ముగ్గురూ మూడు వేరే కంచెలకి రేటు చెప్పారు, వాటిని పక్కపక్కన పెడితే ఏం తెలుస్తుంది? మీకు ఏం కావాలో మీరే ఒక కాగితం మీద రాసి, అదే కాగితం ముగ్గురికీ పంపి, దీనికి ఎంతవుతుందో చెప్పమనండి.

అందులో తీగ సంగతి తప్పనిసరిగా ఉండాలి. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. స్టాండర్డ్ వైర్ గేజ్ లెక్కలో 10 గేజ్ అంటే సుమారు 3.25 మిల్లీమీటర్లు, 12 గేజ్ అంటే 2.64. కంటికి ఆ తేడా ఆనదు, కానీ అంతే పొడవు తీగలో 10 గేజ్‌కి ఇనుము దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. జాలీ గడి కూడా అంతే, 2 అంగుళాల గడికీ 3 అంగుళాల గడికీ తీగ వాడకంలో చాలా తేడా వస్తుంది. గేజ్ లెక్కలు అన్ని చోట్లా ఒకటి కాదు కాబట్టి మిల్లీమీటర్లలోనే రాయించుకోండి. పచ్చ రంగు ప్లాస్టిక్ కోటింగ్ ఉన్న జాలీ అయితే, చెప్పిన మందం లోపలి తీగదా, కోటింగ్‌తో కలిపా అని అడగడం మర్చిపోవద్దు, చాలామంది మోసపోయేది అక్కడే.

జవాబు:

నేను ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను, అందుకని భూమి లోపలి సంగతి చెబుతాను. మీది 6 అడుగుల కంచె. పైకి కనిపించే ఎత్తులో మూడో వంతన్నా లోపల ఉండాలని మేం చూస్తాం, అంటే 2 అడుగులు, అంటే పోల్ 8 అడుగులది కావాలి. నేల మెత్తగా ఉన్నా, గాలి బాగా కొట్టే చోటైనా ఇంకా లోతుకి పోవాలి. కొటేషన్‌లో 7 అడుగుల పోల్ అని ఉంటే లోపలికి వెళ్లేది ఒక్క అడుగే, ఇక వేరే ఏదీ చూడక్కర్లేదు.

తర్వాత పోల్‌కీ పోల్‌కీ మధ్య దూరం. పది అడుగులకొకటి వేస్తే మీ మూడు వైపులకీ 19 పోల్స్ సరిపోతాయి. 8 అడుగులు దాటకూడదంటే ఒక్కో వైపుకి ఎనిమిది ఖాళీలు వస్తాయి, మొత్తం 25 పోల్స్, గేటువి కాక. ఆరు పోల్స్, ఆరు గుంతలు, ఆరు గుంతల కాంక్రీట్, రేటు తేడాలో కొంత ఇక్కడే ఉంది. గుంత అడుగు వెడల్పు, 2 అడుగుల లోతు తీస్తే దాదాపు రెండు ఘనపుటడుగుల కాంక్రీట్ పడుతుంది, అదే ముప్పావు అడుగు వెడల్పు, అడుగున్నర లోతు తీస్తే ఒక ఘనపుటడుగు కూడా పట్టదు. పూడ్చాక రెండూ పైనుంచి ఒకేలా కనిపిస్తాయి.

మూల పోల్స్ గురించి తప్పకుండా అడగండి. జాలీని బిగించి లాగినప్పుడు ఆ లాగుడంతా మూలల మీదా, గేటు పక్కన పోల్స్ మీదా పడుతుంది, అవి మిగతావాటికన్నా లావుగా ఉండాలి, ఏటవాలుగా సపోర్ట్ కూడా ఉండాలి. కాంక్రీట్ పోసిన మర్నాడే జాలీ లాగేస్తామనే వాళ్లని ఒప్పుకోకండి, కొన్ని రోజులు నీళ్లు పెట్టి ఆగాలి. ఇంకొకటి, జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు మీద వెల్డింగ్ చేసిన చోట ఆ పూత కాలిపోతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే, ఆ అతుకులకి జింక్ పెయింట్ వేస్తారా లేదా అడగండి.

జవాబు:

పైన చెప్పింది అక్షరాలా నిజం, నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. మేం కూడా ఒకే లైను కొటేషన్ చూసి తక్కువకి వస్తోందని ఇచ్చేశాం. కొన్నాళ్లు బాగానే ఉంది. గట్టి వానలు పడ్డాక చూస్తే వెనక వైపు వరసంతా లోపలికి వాలింది. ఒక పోల్ పట్టుకుని ఊపితే పన్ను ఊగినట్టు ఊగింది. తవ్వి చూస్తే పైన నాలుగు వేళ్ల మందాన సిమెంటు మూత, దాని కింద వట్టి మట్టి. ఆ మూత పోల్‌తో పాటే పైకి ఊడి వచ్చింది, చేత్తో పట్టుకుని చూశాను. మళ్లీ మొత్తం తీయించి వేయించేసరికి మొదట వద్దనుకున్న పెద్ద కొటేషన్‌ని మించిపోయింది ఖర్చు. కాంక్రీట్ పోసేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ నిలబడండి, ప్రతి గుంతకీ టేపు పెట్టి ఫోటో తీయండి. మంచి పనివాళ్లు దానికి ఏమీ అనుకోరు.

జవాబు:

నాదొక మాట. రెండు పేజీలు రాసినంత మాత్రాన మూడో ఆయన మంచి పనివాడని కాదు, ఒక లైను రాసినాయన దొంగా కాదు, రాయడం అలవాటు లేనివాళ్లలో చేతి పని బాగా వచ్చినవాళ్లూ ఉంటారు. ముగ్గుర్నీ నాలుగైదేళ్ల కింద వేసిన కంచె ఒకటి చూపించమనండి. పోయిన నెల వేసింది ఎవరిదైనా నిటారుగానే ఉంటుంది.

హద్దు కొలత ముందే చేయించి, పక్కింటివాళ్లకి ఒక మాట చెప్పి, ఇద్దరూ చూస్తుండగా దారం కట్టించండి. జానెడు అటు పడినా తర్వాత గొడవ మీదే అవుతుంది గానీ కాంట్రాక్టర్‌ది కాదు. నీళ్ల పైపు, కరెంటు కేబుల్ ఎక్కడ పోతున్నాయో కూడా తవ్వకముందే తెలుసుకోవాలి, గుంతలో బండరాయి తగిలితే అదనపు ఖర్చు ఎంతో ముందే రాయించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. మీరు చెప్పినట్టే ఒక కాగితం రాసి ముగ్గురికీ పంపాను. 10 గేజ్, 2 అంగుళాల గడి, 8 అడుగుల పోల్, 8 అడుగుల దూరం, మూలలకి సపోర్ట్, పాత కంచె తీసి బయటికి తరలించడం, అన్నీ పెట్టాను. మొదటాయన ఫోన్ చేసి, తను 12 గేజ్, 7 అడుగుల పోల్ లెక్కన చెప్పానన్నాడు, ఇప్పుడు మార్చి వేస్తే రెండో ఆయన రేటుకి వచ్చేసింది. పాత కంచె అందులో లేనే లేదట. రెండో ఆయన కొంచెం పెంచి, అన్నీ రాసి సంతకం పెట్టి ఇచ్చాడు, పాత పని కూడా వెళ్లి చూశాను, పోల్స్ కదల్లేదు. మూడో ఆయన రేటు తగ్గించలేదు. రెండో ఆయనకే ఇద్దామనుకుంటున్నాను, కానీ సగం అడ్వాన్స్ అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?

జవాబు:

సగం ఒకేసారి వద్దండీ. మెటీరియల్ మీ ఇంటి ముందు దిగాక కొంత, పోల్స్ నిలబెట్టి కాంక్రీట్ పోశాక కొంత, జాలీ బిగించాక కొంత ఇస్తామనండి. మెటీరియల్ కొనడానికి డబ్బు లేదంటే మీరే వెళ్లి షాపులో కట్టి బిల్లు మీ పేరు మీద తీసుకోండి. చివర్లో కొంత మొత్తం ఆపి, గేటు నేలకి రాసుకోకుండా తిరుగుతోందో లేదో రెండు మూడు రోజులు వాడి చూశాకే ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:

ఇప్పుడే మాట్లాడాను. మెటీరియల్ దిగాకే మొదటి విడత తీసుకుంటానని ఒప్పుకున్నాడు. ఆదివారం హద్దు కొలిపించి దారం కట్టిస్తున్నాం, పక్కింటాయన కూడా వస్తానన్నారు.