ఏళ్ల తరబడి చేసిన షో మానేశాక యాంకర్‌కి పని ఎలా నడుస్తుంది?

రిమోట్_నాదే

జబర్దస్త్ 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైంది. అప్పట్నుంచి అందులోంచి బయటికెళ్లినవాళ్లు తలా ఒక దారి పట్టారు. నాగబాబు గారు 2019 చివర్లో జడ్జి సీటు వదిలి జీ తెలుగులో ‘అదిరింది’కి వెళ్లారు. రోజా గారు 2022 ఏప్రిల్‌లో మంత్రి పదవి రావడంతో మానేశారు. అదే ఏడాది అనసూయ గారు కూడా ఆపేశారు. సుడిగాలి సుధీర్ కూడా అప్పుడే బయటికొచ్చి ‘గాలోడు’ చేశాడు.

ఎవరు ఎందుకు వెళ్లారన్నది నాకు అక్కర్లేదు, దానికి వేరే థ్రెడ్లు బోలెడున్నాయి. షో పేరు చెప్పగానే గుర్తొచ్చే యాంకర్ ఒకరు మానేస్తే ఆ తర్వాత ఏడాది, రెండేళ్లు పని, డబ్బు ఎలా నడుస్తాయి? ఒప్పందాలు, సినిమా డేట్లు, యూట్యూబ్, అమెరికా ఈవెంట్లు... ఈ లైన్లో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

కాల్షీట్_తొమ్మిదింటికి

మానేసిన రోజు నుంచి లెక్క మొదలుపెడితే మీకు జవాబు దొరకదు, అంతకు ముందు రెండు మూడేళ్లు చూడాలి. అనసూయ గారి విషయమే తీసుకోండి. ‘సోగ్గాడే చిన్నినాయనా’, ‘క్షణం’ 2016లో వచ్చాయి. ‘రంగస్థలం’ 2018 మార్చిలో, ‘పుష్ప’ 2021 డిసెంబర్‌లో. షో ఆపింది 2022లో. అంటే రంగమ్మత్త పేరు జనం నోళ్లలో నాని నాలుగేళ్లయ్యాక! అప్పటికి ఆవిడకి టీవీ రెండో పని అయిపోయింది. షో మానేశాక మేనేజర్‌ని పెట్టుకుని ఆఫీసులు తిరగడం మొదలుపెట్టినవాళ్లకి ఈ సౌకర్యం ఉండదు.

టీవీ, సినిమా రెండూ కలిపి చేయడం ఎందుకు కష్టమంటే, లెక్కలే వేరు. నాన్ ఫిక్షన్ షోకి (సీరియల్ కాని కామెడీ, గేమ్ షోల్లాంటివి) నెలలో కొన్ని రోజులు ఇస్తే చాలు, ఒక్క రోజులోనే ఒకటికి మించి ఎపిసోడ్లు లాగేస్తారు. సినిమాకి అలా కుదరదు. వరుసగా ఇరవై రోజులు అడుగుతారు, హీరో డేట్లు మారితే మీ డేట్లూ మారతాయి. పైగా కంటిన్యుటీ ఉంటుంది: ఒక పాత్రకి జుట్టు కత్తిరించి రంగు వేశాక సినిమా పూర్తయ్యేదాకా అలాగే ఉంచాలి. టీవీ వాళ్లకేమో వారానికో లుక్ కావాలి. విగ్గుతో నెట్టుకొస్తారు కానీ క్లోజప్‌లో తెలిసిపోతుంది.

ఇంకోటి, సినిమాలో డబ్బింగ్ రోజులు, ప్యాచ్ వర్క్ (మిగిలిపోయిన ముక్కలు తీసే) రోజులు, ప్రమోషన్ రోజులు అగ్రిమెంట్‌లో విడిగా రాయించుకోవాలి. టీవీ నుంచి వచ్చినవాళ్లు రోజుకింత అని మాట్లాడుకుని షూటింగ్ రోజులే లెక్కేసుకుంటారు. తీరా చూస్తే ప్రమోషన్లకే వారం పోతుంది. యాంకర్ అనేసరికి సినిమా ఈవెంట్ కూడా వాళ్లనే హోస్ట్ చేయమంటారు, అదీ ఉచితంగా. అది ముందే తేల్చుకోవాల్సిన సంగతి.

సెక్షన్_27

ఒప్పందం సంగతి నేను చెప్తాను. చాలామందికి ఇక్కడే గందరగోళం.

‘షో మానేశాక ఆరు నెలలు వేరే ఛానల్లో కనపడకూడదు’ లాంటి షరతు ఒప్పందంలో ఉంటే భయపడిపోతారు. మన కాంట్రాక్ట్ చట్టం 1872లోని సెక్షన్ 27 ప్రకారం, ఒప్పందం ముగిశాక ఒక మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే షరతు చెల్లదు. 2006లో పర్సెప్ట్ డీమార్క్ (ఆటగాళ్ల ప్రకటనల వ్యవహారాలు చూసే సంస్థ), క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, గడువు తీరాక కూడా ‘ముందు మాకే అవకాశం ఇవ్వాలి’ అనే షరతు విషయంలోనూ ఇదే లైను తీసుకుంది. కానీ గడువు లోపల ఉన్న కట్టుబాటు వేరు. అది అమలవుతుంది. మూడేళ్ల ఒప్పందంలో రెండో ఏడాది బయటికొచ్చి సెక్షన్ 27 అంటే ఎవరూ వినరు.

అయితే మన దగ్గర గొడవ కోర్టుదాకా వెళ్లేది తక్కువ. చివరి బిల్లు ఆపుతారు, అంతే. అందుకని ఈ పనులు వరసగా చేయాలి.

మొదట ఒప్పందం తీసి గడువు తేదీ, నోటీసు కాలం, ప్రత్యేకత షరతు (ఎక్స్‌క్లూజివిటీ, అంటే వేరే చోట పనిచేయకూడదనేది) చూడాలి. ప్రత్యేకత అందరికీ ఒకేలా ఉండదు. కొన్నిటిలో ఛానల్ మొత్తానికి, కొన్నిటిలో ఆ తరహా షోలకి, కొన్నిటిలో ఆ టైమ్ స్లాట్‌కి. అనసూయ గారు జబర్దస్త్‌లో ఉండగానే 2021లో జెమినీలో ‘మాస్టర్‌చెఫ్’ తెలుగు హోస్ట్ చేశారు, గుర్తుందా? ఒక ఛానల్లో కనిపిస్తే ఇంకో దాన్లో కనపడకూడదనే రూలేం లేదు, అంతా రాసుకున్నదాన్ని బట్టే.

తర్వాత, గడువు దేన్నుంచి లెక్క: చివరి రికార్డింగ్ నుంచా, చివరి టెలికాస్ట్ నుంచా? రెండు మూడు వారాల ఎపిసోడ్లు ముందే తీసి పెట్టుకుంటారు. మీరు వెళ్లిపోయినా పాత షోలో కనపడుతూనే ఉంటారు. ఆ వారమే కొత్త ఛానల్ మీ ప్రోమో వేసిందంటే రెండు ఆఫీసుల నుంచీ ఫోన్లు. కొత్త ఒప్పందంలో ‘ఫలానా తేదీకి ముందు ప్రోమో వేయకూడదు’ అని రాయించాలి.

మూడోది, మానేస్తున్నట్టు మెయిల్‌లో పెట్టి, బకాయి ఎంతో, ఎప్పటిలోగా ఇస్తారో మెయిల్‌లోనే ఒప్పించుకోవాలి. ఇన్‌స్టాలో వీడ్కోలు పోస్టు ఆ తర్వాతే. ముందు పోస్టు పెట్టేసి తర్వాత లెక్కలు అడిగేవాళ్లే ఎక్కువ, అప్పటికి చేతిలో పట్టు పోతుంది.

పాత క్లిప్పుల గురించి: ఆ ఫుటేజీ నిర్మాణ సంస్థదే. కానీ కాపీరైట్ చట్టం సెక్షన్ 38బీ కింద ప్రదర్శకులకి నైతిక హక్కు ఉంది. మీ పరువు పోయేలా క్లిప్పుని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పొచ్చు. నిడివి కోసం ఎడిట్ చేయడం ఆ కిందికి రాదు.

ఆడిట్_అయ్యవారు

డబ్బు దగ్గర కొట్టే దెబ్బ వేరు. నెలనెలా వచ్చే బిల్లు ఆగిపోయాక ఈవెంట్ల మీద బతకాలి, కానీ చేతికొచ్చే మొత్తం చూసి మోసపోతారు. లక్ష రూపాయల ఈవెంట్ అనుకోండి. జీఎస్టీ 18 శాతం కలిపి బిల్లు 1,18,000. నిర్వాహకుడు లక్ష మీద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి 1,08,000 వేస్తాడు. అందులో 18,000 మీది కాదు, ప్రభుత్వానిది. మిగిలేది 90,000. మేకప్, హెయిర్, కాస్ట్యూమ్, మేనేజర్ వాటా అందులోంచే. షోలో ఉన్నప్పుడు కాస్ట్యూమ్, మేకప్ ప్రొడక్షన్ చూసుకునేది కాబట్టి ఈ ఖర్చు చాలామందికి కొత్త.

ఇంకా చెడ్డది ఏంటంటే, ట్యాక్స్ ఇన్వాయిస్ (జీఎస్టీ వేసిన అసలు బిల్లు) ఇచ్చాక డబ్బు రాకపోయినా మరుసటి నెల 20 లోపు జీఎస్టీ కట్టాల్సిందే. అందుకే ముందు ప్రొఫార్మా (ముందస్తు అంచనా బిల్లు) ఇచ్చి, సగం అడ్వాన్స్, మిగతాది స్టేజీ ఎక్కే ముందు. ట్యాక్స్ ఇన్వాయిస్ మాత్రం ఈవెంట్ అయిన 30 రోజుల్లో ఇచ్చి తీరాలి, ఏడాది సాగదీయడం కుదరదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటే పరిస్థితి లేకపోతే రిజిస్ట్రేషన్ అవసరమే ఉండకపోవచ్చు. ఉన్నదాన్ని రద్దు చేసుకునే ముందు మాత్రం బ్రాండ్ వాళ్లు జీఎస్టీ నంబర్ లేనివాళ్లతో పనిచేస్తారా అని కనుక్కోండి.

అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఏడాది ఆదాయపు పన్ను ముందే వాయిదాల్లో కట్టడం: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి అంతా కలిపి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. షో మానేసిన ఏడాది పాత ఏడాది అంచనాతో కట్టేస్తే డబ్బు రీఫండ్‌లో ఇరుక్కుంటుంది. పెద్ద కాంట్రాక్టు మధ్యలో ఆగితే అదే త్రైమాసికంలో అంచనా మార్చాలి. బ్రాండ్లు ‘ఫోన్ మీరే ఉంచుకోండి’ అంటాయి కదా, ఏడాదిలో 20,000 దాటితే దాని మీదా 10 శాతం టీడీఎస్ ఉంటుంది.

ఊరోడు_హైదరాబాద్

అన్నా, ఒకటి మర్చిపోతున్నరు. చేతిల పని లేనప్పుడే బెట్టింగ్ యాప్‌లోళ్లు ఫోన్ చేస్తరు, ఒక్క రీల్‌కి నెల జీతం ఇస్తమంటరు. 2025 మార్చిల హైదరాబాద్‌ల సినిమా, టీవీ, యూట్యూబ్ మందిమీద కేసులు అయినయి, చూసిండ్రు కదా. అదే ఏడాది వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంల పైసల ఆటల ప్రకటన చేస్తే రెండేండ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జుర్మానా ఉంటది. మామూలు బ్రాండ్ అయినా పెయిడ్ అని రాయకుంటే ఇబ్బందే. తప్పుదోవ పట్టించే ప్రకటనల చేసినోళ్లకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా పడ్తది.

రిమోట్_నాదే

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. యూట్యూబ్, అమెరికా షోల గురించి కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది. పదిహేను లక్షల మంది ఫాలోవర్లు ఉన్న యాంకర్లు కూడా యూట్యూబ్‌లో తేలిపోతున్నారు, ఎందుకు?

థంబ్‌నెయిల్_తాత

ఎందుకంటే టీవీలో యాంకర్ వెనక ఓ సైన్యం ఉంటుంది. రైటర్ ఉంటాడు, చెవిలో డైరెక్టర్ ఉంటాడు, నవ్వడానికి జనం ఉంటారు, తేలిపోయిన చోట కత్తిరించే ఎడిటర్ ఉంటాడు. ఇంట్లో కెమెరా ముందు అదే గొంతుతో అరిస్తే ఫోన్‌లో చూసేవాడికి తలనొప్పి. ఇన్‌స్టా ఫాలోవర్లు ఫొటోల కోసం వచ్చినవాళ్లు, ముప్పై నిమిషాల ఇంటర్వ్యూ చూసే రకం కాదు.

పాత షో క్లిప్పులు పెట్టి ఛానల్ పెంచుదామనుకోవద్దు. కంటెంట్ ఐడీ (కాపీరైట్ వీడియోల్ని గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ) పట్టేసి ఆదాయం పాత సంస్థకి పోతుంది. వాళ్లు కాపీరైట్ ఫిర్యాదుతో స్ట్రైక్ వేసి, 90 రోజుల్లో అలాంటివి మూడు పడితే ఛానలే పోతుంది. ఛానల్ పేరులో, హ్యాండిల్‌లో షో పేరు వద్దు.

ప్రకటనల ఆదాయానికి 1,000 సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలి, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. పెద్ద వీడియోల్లో 55 శాతం మీకు, షార్ట్స్‌లో 45. మధ్యలో యాడ్ రావాలంటే వీడియో 8 నిమిషాలు దాటాలి. ఇంటర్వ్యూ ఛానల్ అయితే కనీసం ఎనిమిది ఎపిసోడ్లు తీసి పెట్టుకున్నాకే మొదటిది వదలండి. రెండో నెలలో గెస్ట్ హ్యాండిచ్చాడని వారం ఖాళీ పెట్టడంతోనే సగం ఛానల్స్ చల్లబడతాయి. కెమెరా కంటే ముందు మైకుల మీద ఖర్చు పెట్టండి, గెస్ట్‌కో లేపెల్ (చొక్కాకి తగిలించే చిన్న మైకు), మీకో లేపెల్, విడివిడి ట్రాకులు.

తెలుగు ఛానళ్లకి అమెరికా ప్రేక్షకులు ఎక్కువ కాబట్టి ఇది ముఖ్యం. యాడ్‌సెన్స్‌లో (యూట్యూబ్ డబ్బు వచ్చే గూగుల్ ఖాతా) డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోసేస్తారు. నింపి ఇండియా-అమెరికా పన్ను ఒప్పందం క్లెయిమ్ చేస్తే, అమెరికా వ్యూస్ నుంచి వచ్చిన దాని మీద మాత్రమే 15 శాతం. కోసినదాన్ని ఇక్కడ రిటర్న్‌లో క్రెడిట్ అడగొచ్చు.

డాలస్_డప్పు

అమెరికా సంగతి. ఇక్కడి తెలుగు సంఘాల్లో తానా మహాసభలు బేసి సంవత్సరాల్లో, ఆటా సరి సంవత్సరాల్లో, జులై అటూ ఇటుగా. అంటే యాంకర్ల పేర్లు చలికాలంలోనే ఖాయమవుతాయి, మే నెలలో అడిగితే స్టేజీ దొరకదు. టూరిస్ట్ వీసా మీద వచ్చి పారితోషికం తీసుకుని షో చేయడం కుదరదు. మనవాళ్లకి సాధారణంగా పీ-3 (కళాకారుల వీసా) వేస్తారు. పిటిషన్ మీరు వేసుకోలేరు, ఇక్కడి నిర్వాహకుడో ఏజెంటో వేయాలి. ఇక్కడి కార్మిక సంఘం అభిప్రాయ లేఖ జత చేయాలి. ప్రీమియం ప్రాసెసింగ్‌కి డబ్బు కడితే 15 పనిదినాల్లో నిర్ణయం వస్తుంది, ఆ తర్వాత పాస్‌పోర్టులో వీసా వేయించుకునే స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ వేరు. ఏ ఊళ్లలో షోలు ఉన్నాయో పిటిషన్‌లోనే చూపించాలి కాబట్టి వచ్చాక ‘ఇంకో రెండు ఊళ్లు కలుపుదాం’ అనే బేరాలు ప్రమాదం.

అన్నట్టు, ఛానల్ టీవీకి రాకుండా ఆపగలదు కానీ స్టేజీ మీద ఆపలేదనడానికి ఇక్కడ కామెడీ షో హోస్ట్ కోనన్ ఓబ్రయన్ ఉన్నాడు. 2010 జనవరిలో ‘టునైట్ షో’ వదిలినప్పుడు సెప్టెంబర్ దాకా టీవీలో కొత్త షో చేయకూడదని సెటిల్‌మెంట్. ఆయన ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊరూరా తిరిగి స్టేజీ షోలు చేసి, నవంబర్‌లో టీబీఎస్ అనే ఛానల్లో కొత్త షో మొదలెట్టాడు.

కాల్షీట్_తొమ్మిదింటికి

డాలస్ గారు చెప్పిన ఆ స్టేజీ లైనుకి మన దగ్గర సుమ గారే ఉదాహరణ. ‘స్టార్ మహిళ’ ముగిసినా ఆడియో, ప్రీ రిలీజ్ ఫంక్షన్లు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. 2022 మేలో ‘జయమ్మ పంచాయితీ’ చేసినా స్టేజీ వదల్లేదు, 2023లో ‘సుమ అడ్డా’తో ఈటీవీలోనే ఇంకో షో మొదలైంది. ప్రీ రిలీజ్‌లో యాంకర్‌కి పని ముందు రోజే మొదలవుతుంది: అతిథుల లిస్టు, ఎవరి పేరు ఎవరి తర్వాత పిలవాలి, ఎవరు ఆలస్యంగా వస్తారు, ట్రైలర్ ఎప్పుడు వేస్తారు. టెక్నీషియన్ పేరు ఒక్కటి తప్పు చదివితే ఆ బ్యానర్ మళ్లీ పిలవదు. లిస్టు పీఆర్వో దగ్గర మధ్యాహ్నానికి తీసుకోండి, స్టేజీ ఎక్కే ముందు కో-డైరెక్టర్‌తో ఇంకోసారి సరిచూసుకోండి, ఈలోపు కచ్చితంగా రెండు పేర్లు మారతాయి.